కొమ్ము కోయుటకు ముందు మత్తుసూది: రైతు తెలిసికొనవలసిన సంగతులు

మన సంఘసభ్యులలో ముగ్గురు రైతులు గత మాసములో వేర్వేరు దినములందు మమ్ము కలిసికొని యించుమించు ఒకే ప్రశ్న యడిగిరి. ఒకరి యెద్దునకు కొమ్ము మొదట పుండు పుట్టినది. ఇంకొకరి కోడెకు విత్తులు నొక్కింపవలసి యున్నది. మూడవవారి గేదెకు ముండ్లకంచె గీచుకొని చన్ను చీలి పాలు కారుచున్నవి. ముగ్గురును, "కత్తి పెట్టుటకు ముందు డాక్టరుగారు మత్తుసూది వేయుదుననుచున్నారు. అది వేసిన పశువు మరల లేచునా?" అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఆ భయమునకు కొంత కారణము లేకపోలేదు. అయినను ఆ భయముచేతనే మత్తు వలదని పశువును కట్టి కోయించుట యెంతమాత్రము తగదు. కావున ముగ్గురికిని విడివిడిగ చెప్పిన దానిని ఇచ్చట ఒక్కచోట వ్రాయుచున్నాము.

మేము పశువైద్యులము కాము. వ్యవసాయ ప్రదర్శకులముగ గ్రామములు తిరుగుచు, వైద్యుల ప్రక్కన నిలిచి మోకు పట్టినవారము, దీపము పట్టినవారము, ఒకమారు తప్పుచేసి తలవంచుకొనినవారము. ఆ తప్పు సంగతి ముందు వచ్చును. సూది పట్టుట రైతు పని కాదు, మా పనియు కాదు. కాని సూదికి ముందు దినమును, సూది తరువాతి రాత్రియు పశువు రైతు చేతిలోనే యుండును. ప్రమాదములు పెక్కులు ఆ రెండు వేళలందే పుట్టుచున్నవి.

పూర్వము మన గ్రామములలో పశువుమీద కత్తి పెట్టుట యనగా ముందుగ నలుగురు బలవంతులను పిలుచుటయే. నాడాలు కొట్టువాడు పడవేయునట్లే మోకు వేసి యెద్దును పడవేసి, నాలుగు కాళ్లను దగ్గరకు లాగి కట్టి, ఒకడు మెడమీద మోకాలూని కూర్చుండెడివాడు. కొన్ని యూళ్లలో పశువునకు కల్లో సారాయో గొట్టముతో పోయుట మేము చూచితిమి. దానివలన నొప్పి తగ్గదు సరికదా, తూలుచున్న పశువు గొంతులో పోసిన ద్రవము ఊపిరితిత్తులలోనికి దిగి, కోత మానినను జ్వరముతో పశువు పోవుట కలదు. కట్టివేసిన యెద్దు గింజుకొని తొడయెముక విరుగగొట్టుకొనుట, పట్టినవాని పండ్లు రాలగొట్టుట కొత్త సంగతులు కావు. "ఎద్దు అరవలేదు, కావున నొప్పి లేదు" అని చెప్పువారున్నారు. అడవిలో నొప్పిని బయటపెట్టిన జంతువును పులి ముందుగ ఏరుకొనును. ఆ స్వభావము గోజాతిలో నేటికిని పోలేదు. పండ్లు కొరుకుట, నెమరు మానుట, చెవులు వ్రేలవేసి గోడవైపు తిరిగి నిలుచుట, ఇవి పశువు నొప్పిని తెలుపు మాటలు. విత్తులు నొక్కు బర్డిజో కత్తెరతో నెత్తురు చుక్కయైన రాలదు గనుక అందు బాధ లేదని మేమును చాలకాలము నమ్మితిమి. రక్తము కనబడకపోవుట వేరు, బాధ లేకపోవుట వేరు.

ఇక మందుల సంగతి. రైతులు "మత్తుసూది" అని ఒకే పేరు పెట్టి పిలుచునది నిజమునకు రెండు వేర్వేరు మందులు. ఈ భేదము తెలిసినయెడల సగము భయము తొలగును.

మొదటిది ఒక్క చోటును మాత్రమే మొద్దుబారజేయు మందు. నేడు మన వైద్యులు ఎక్కువగ వాడునది లిగ్నోకైను. దీనిని 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తయారుచేసెను. పంటివైద్యుడు మన చిగురున పొడుచునదియు ఇదియే. ఇది నరము ప్రక్కన పడినప్పుడు ఆ నరము నొప్పిని మెదడునకు మోసికొనిపోజాలదు. పశువు మెలకువగనే యుండును, నిలబడియే యుండును, కావలసినచో నెమరు వేయుచునే యుండును. రెండవది పశువునంతను మగతలోనికి దింపు మందు. మన ప్రాంతములో దీనికి సాధారణముగ జైలజీను అను మందును వాడుదురు. దీనివలన తల వ్రాలును, చొంగ కారును, పశువు మెల్లగ కూలబడును. భయము తగ్గును, కండలు సడలును. నొప్పియు కొంతవరకు తగ్గునుగాని పూర్తిగ పోదు. పడుకొన్న యెద్దు కన్ను మూసియుండినను, కత్తి తగులగానే యకస్మాత్తుగ తన్నగలదు. కావుననే తెలిసిన వైద్యుడు మగత సూది వేసిన తరువాతకూడ కోయుచోట మొద్దుబారు మందు వేయును. "ఒక సూది చాలదా, రెండేల?" యని బేరమాడవలదు.

కొమ్ము సంగతియే తీసికొందము. విత్తులు నొక్కిన ముదురు ఎద్దులలో, ఎక్కువగ ఒక కొమ్ము మొదటనే, క్యాన్సరు పుట్టుట మన దేశమున పేరుపడిన రోగము. మొదట ఎద్దు తల విదిలించును, కొమ్మును గుంజకు రాచును. పిదప కొమ్ము కొంచెము ప్రక్కకు వ్రాలును. ఆ ప్రక్క ముక్కునుండి నెత్తురుతో కలిసిన దుర్వాసనగల నీరు కారును. కొమ్ము లోపలి బోలు తలయెముకలోని గాలి అరతో కలిసియుండుటచేత ఇట్లు జరుగును. ఇంతవరకు వచ్చినదాక ఆగక, రాచుకొనుట మొదలైనప్పుడే చూపించి కొమ్మును మొదటికంట కోయించినచో ఎద్దు మరల కాడికి వచ్చుట మేమెరుగుదుము. ఆలసించినచో కోసినను మరల మొలచును.

అట్టి కోతకు డాక్టరుగారు చేయు పని చూడదగినది. కంటి వెలుపలి కొనకును కొమ్ము మొదటికిని నడుమ, తల ప్రక్కన, వ్రేలికి తగులు ఎముకగట్టు ఒకటి కలదు. కొమ్మునకు పోవు నరము ఆ గట్టు అంచు క్రిందుగ నడచును. కంటికిని కొమ్మునకును ఇంచుమించు నడిమధ్యమున ఆ గట్టు క్రింద సూది దించి, నూటికి రెండు పాళ్ల లిగ్నోకైను కొన్ని మిల్లీలీటర్లు వదలుదురు. పెద్ద యెద్దునకు కొమ్ము వెనుక ప్రక్కను గూడ మరికొంత వేయవలసివచ్చును. ఐదు నిమిషములకో, పదింటికో ఆ ప్రక్క పైకనురెప్ప వ్రాలును. అది చూచి "కన్ను పోయిన"దని ఒక ముసలమ్మగారు మా ముందే యేడ్చినది. కన్ను పోలేదు, మందు పట్టెననుటకు అదియొక గుర్తు. అప్పుడు వైద్యుడు కొమ్ము చుట్టును సూదిమొనతో గ్రుచ్చిచూచును. ఎద్దు కదలకున్ననే రంపము పెట్టును. ఈ మొద్దు సుమారు గంట, గంటన్నర యుండును. మందు వేసి రెండు నిమిషములైన నిలువక కోయ మొదలుపెట్టువాడు మందు డబ్బు వృథాచేసినవాడే.

ఇదే మందు వేర్వేరు చోట్ల వేర్వేరు విధముల వాడబడును. చన్ను కుట్టుటకు చన్ను మొదట చుట్టును ఉంగరమువలె పొడుతురు. గిట్టల నడుమ పుండునకు కాలిని పైన రబ్బరు గొట్టముతో బిగించి, బిగింపు క్రింది సిరలో ఎక్కింతురు. గిట్ట మొత్తము మొద్దుబారును, పని ముగిసిన పిదప గొట్టమును మెల్లగ వదలుదురు. ఈనిన ఆవునకు గర్భసంచి వెలికివచ్చినప్పుడు, తోకను పంపుకొయ్యవలె పైకి క్రిందికి ఆడించి, కదలు కీలు సందున కొద్దిమాత్రము మందు వేయుదురు. తోక బట్టపేలికవలె వ్రేలాడును, ఆవు ముక్కుట మానును, సంచిని కడిగి లోపలికి పెట్టుట సులభమగును. అచ్చట మోతాదు మించినచో వెనుక కాళ్లు కూడ పడిపోవును గనుక ఆ కొలత వైద్యునిదే. మేకలు, గొఱ్ఱెలు, చిన్న దూడలు ఈ మందు ఎక్కువైనచో తాళజాలవు. ఎద్దునకు మిగిలిన మందును మేకకు వేయుమని యెవ్వరును అడుగవలదు.

ఇప్పుడు భయము నిజముగ నుండవలసిన మందును గూర్చి వ్రాయుదుము. జైలజీను 1962లో జర్మనీ దేశమున కనుగొనబడినది. దీని విచిత్రమేమనగా, గుఱ్ఱమునకు పట్టు మోతాదులో ఇంచుమించు పదియవవంతే పశువును పడవేయును. పైగా పశువులందును జాతిభేదము కలదు. తెల్లదొరల దేశపు మూపురము లేని పశువులకంటె మూపురము గల పశువులు దీనికి త్వరగ లొంగును. అమెరికాలోని బ్రాహ్మన్ జాతి పశువులు హోల్‌స్టీను పశువులకంటె ఎక్కువ లొంగుట అచ్చటి పశువైద్యులు గుర్తించిరి. ఆ బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తము కొంత కలదు. కావున మన యెద్దు ఆకారము చూచి "ఇంత ఎద్దు, ఇంకొంచెము వేయుడు" అని ప్రక్కనుండి సలహా చెప్పుట పొరబాటు. మరియు ఈ మందు బుడ్లు అన్నియు ఒకే బలము గలవి కావు. మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములు గలదియు, 100 మిల్లీగ్రాములు గలదియు రెండును లోకమున కలవు. ఒకదాని కొలతతో రెండవదానిని ఎక్కించినచో ఐదింతలు పోవును. మందుల దుకాణమున కొని తెచ్చి తెలియనివానిచేత వేయించుటలోని అపాయము ఇదియే.

మోతాదు బరువునుబట్టి యుండును. తూకపురాయి మన యూళ్లలో లేదు. అయినను దర్జీ టేపుతో బరువు ఉజ్జాయింపుగ తెలిసికొనవచ్చును. ముందరికాళ్ల వెనుకగ రొమ్ముచుట్టు కొలతను అంగుళములలో తీయుడు. భుజము మొన మొదలు తోక ప్రక్క పిఱ్ఱయెముక మొనవరకు పొడవు తీయుడు. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, వచ్చినదానిని పొడవుతో హెచ్చించి, 300తో భాగించినచో పౌనులు వచ్చును. దానిని 2.2తో భాగించినచో కిలోలు. ఉదాహరణమునకు చుట్టు 70 అంగుళములు, పొడవు 56 అంగుళములు గల యెద్దు సుమారు 915 పౌనులు, అనగా 415 కిలోలు తూగును. డాక్టరుగారికి ఫోను చేయునప్పుడే ఈ లెక్క చెప్పినచో వారికి మిక్కిలి సహాయము.

మా తప్పు చెప్పెదమంటిమి. పండ్రెండేండ్ల క్రిందట ఒక రైతు ఎద్దునకు కాడి తగులుచోట కంతి పెరిగి, కొబ్బరికాయంత అయినది. డాక్టరుగారు ముందుదినము ఉదయమునుండియు మేత పెట్టవలదనియు, రాత్రినుండి నీరు వలదనియు చెప్పి పోయిరి. సాయంకాలము మేము ఆ యింటికి పోగా ఎద్దు ఖాళీ కుడితితొట్టిని నాకుచుండెను. ఆ రైతు తల్లి, "నోరులేని జీవము, రేపు కోత పడవలసినది, ఈ రాత్రి పస్తా?" అనెను. మేము పెద్దరికముతో, "కొంచెము తవుడు, నాలుగు పరకల గడ్డి పెట్టినచో ఏమియు కాదు" అని చెప్పితిమి. ఆ కొంచెము ఎంతయో మేము చూడలేదు.

మరునాడు సూది వేసిన పది నిమిషములకు ఎద్దు వ్రాలినది. ప్రక్కకు పడుకోబెట్టి పని మొదలుపెట్టిరి. ఇరువది నిమిషములకు ఎడమడొక్క డోలువలె ఉబ్బెను. నోటినుండి పచ్చని నీరు కారజొచ్చెను. ఊపిరి గురగురలాడెను. డాక్టరుగారు కత్తి ప్రక్కన పడవేసి, ఎద్దును రొమ్ముమీదికి త్రిప్పించి, మూతి క్రిందికి వంచి పట్టించి, గొట్టమును నోటిగుండ పొట్టలోనికి దించి గాలి తీసిరి. మత్తును విరుచు మందు సిరలో ఎక్కించిరి. ఎద్దు బ్రతికినది. కంతి కోత పదిదినములు వెనుకబడినది. డాక్టరుగారు ఎవరు మేత పెట్టిరని యడుగగా ఆ ముసలమ్మగారు తానే యని ముందుకు వచ్చినది. పెట్టించినవారము మేమని ఆ కళ్లమునందే అందరి యెదుట చెప్పితిమి. ఆ ఎద్దు చచ్చియుండినచో ఆ సంవత్సరము ఆ కుటుంబమునకు సేద్యము లేదు. ఆ సంగతి తలచుకొనినప్పుడు నేటికిని మాకు మనసు కలుక్కుమనును.

కారణము తేట. పెద్ద పశువు పొట్టలో పులియుచుండు మేత నూరు లీటర్లకు పైబడి యుండును. అది ఎల్లప్పుడును గాలి పుట్టించుచునే యుండును. మెలకువతో నున్న పశువు త్రేన్పుతో దానిని వదలుకొనును. మగతలో త్రేన్పు ఆగును, పొట్ట కదలిక ఆగును, గాలి మాత్రము ఆగదు. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను నొక్కును. పొట్టలోని మేత గొంతునకు పొంగి వచ్చి ఊపిరిగొట్టమున పడినచో మరి చికిత్స లేదనియే చెప్పవచ్చును. అందుచేత పెద్ద పశువునకు సుమారు ఒక దినము మేతయు, అర్ధదినము నీరును మాన్పింతురు. పాలు త్రాగు దూడలకు ఈ పస్తు వలదు, అవి నీరసించిపోవును. వాటి సంగతి వైద్యునే యడుగవలెను. నిలబెట్టి, ఒక్కచోటే మొద్దుబారజేసి చేయు చిన్న పనులకును పస్తు అక్కరలేకపోవచ్చును. అదియు వారే చెప్పుదురు.

చూడిపశువుల విషయము మరియొకటి. మా ప్రాంతమున ఒక రైతు తొమ్మిదవనెల చూడిగేదెకు చన్ను చీలగా, పట్టము లేని ఒకనిని పిలిచి మగత సూది వేయించెను. చన్ను బాగుగనే కుట్టబడినది. మూడవనాడు గేదె ఈచుకొనిపోయెను, దూడ దక్కలేదు. మందువలననే యని మేము ప్రమాణము చేయజాలము. కాని జైలజీను గర్భసంచిని ముడుచుకొనజేయు గుణము గలదనియు, నెలలు నిండుచున్న పశువులకు దానిని వేయరాదనియు వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. ఆ గేదెకు చన్ను చుట్టు మొద్దుబారు మందు ఒక్కటే చాలియుండును. పశువు చూడిదో కాదో, ఎన్ని నెలలో, అడుగకపోయినను వైద్యునికి ముందుగ చెప్పుట రైతు ధర్మము. మునుపు దగ్గు, జ్వరము, ఉబ్బరము వచ్చినచో అదియు చెప్పవలెను.

స్థలము, వేళ ముఖ్యములు. ఈ మందు పట్టిన పశువు తన ఒంటివేడిని తాను సర్దుకొనజాలదు. గేదెలకు చెమటగ్రంథులు తక్కువ గనుక ఎండలో మరియు కష్టము. వేసవిలో తెల్లవారుజామున, చెట్టునీడను పని జరుపుకొనవలెను. వైద్యశాల యెదుట ఇనుపగొట్టములతో కట్టిన చట్రము, ట్రెవిసు అందురు, నిలబెట్టి చేయు పనులకు అదియే మేలు. కాని మగత వేయుదురేని పశువును చట్రమున బంధించి యుంచరాదు. కూలబడినప్పుడు మెడ ఉరిపడును. పడుకొనవలసిన చోట వరిగడ్డి మోకాటిమందము పరచి, భుజము క్రింద గోనెసంచులలో పొట్టు నింపి పెట్టవలెను. గట్టినేలమీద బరువంతయు భుజముమీద పడి గంటసేపు యుండిన యెద్దు, లేచిన తరువాత ముందరికాలు ఈడ్చుట మేము చూచితిమి. తల క్రింద కట్టుముడులు, ఇనుపకడియములు ఉండరాదు. వీలైనంతవరకు రొమ్ముమీద కూర్చుండబెట్టవలెను. ప్రక్కకు పరుండబెట్టుట తప్పనప్పుడు కుడిప్రక్క క్రిందికి, ఎడమడొక్క పైకి ఉండవలెను. గొంతు కొంచెము ఎత్తుగ, మూతి పల్లముగ ఉంచినచో చొంగ బయటికే పోవును. మోకు వేసి పడవేయవలసివచ్చినచో ఆవులకు పొదుగుముందరి సిరమీదుగ మోకు పోకుండ చూడుడు.

సూది వేసిన పిదప పది పదునైదు నిమిషములు పశువును కదపరాదు. ఇది మన యూళ్లలో అన్నిటికంటె కష్టమైన నియమము. డాక్టరుగారి బండి ఆగగానే పిల్లలు, కుక్కలు, సలహాలు చెప్పు పెద్దలు చేరుదురు. బెదిరిన పశువునకు మందు సరిగ పట్టదు. పట్టలేదని ఇంకొక సూది, దానిపైన ఇంకొకటి, తరువాత రెండును మూడును ఒక్కసారి పట్టుట. మేము ఇప్పుడు చేయు ఉపాయ మేమనగా, ఊరిలో అందరికంటె గట్టిగ మాటలాడు పెద్దమనిషికే జనమును దూరముగ నుంచు పని అప్పగించుట. ఇంతవరకు అది తప్పలేదు.

పని జరుగుచున్నంతసేపు ఒక మనిషి వేరే పనిలేక ఊపిరిని, ఎడమడొక్కను చూచుచుండవలెను. ఈ మాటకు మన హైదరాబాదున ఒక పాతకథ కలదు. క్లోరోఫారము ఇచ్చినప్పుడు ప్రాణము పోవునది గుండె ఆగియా, ఊపిరి ఆగియా యని వైద్యలోకమున వాదము నడచుచుండగా, అచ్చటి వైద్యపాఠశాలకు పెద్దగానుండిన ఎడ్వర్డు లారీ 1888లోను, మరల 1889లోను నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో పరిశోధకసంఘములను కూర్చి, వందలకొలది కుక్కలు మొదలగు జంతువులమీద పరీక్షలు జరిపెను. ఊపిరియే ముందు ఆగును, దానినే కనిపెట్టుడు అని ఆయన తేల్చెను. క్లోరోఫారము గుండెను సూటిగ ఆపగలదని తరువాతివారు నిరూపించిరి. ఆ మందును వైద్యులు విడిచిరి. లారీ తీర్పులో సగము వీగిపోయినను, ఊపిరిని చూచుచుండు మనిషి మాత్రము నేటికిని నిలిచెను. ఊపిరి గురగురలాడినను, డొక్క ఉబ్బినను, నాలుక నీలివన్నె తిరిగినను ఆ మనిషి వెంటనే కేకవేయవలెను. మర్యాదకు ఆగరాదు.

కోత ముగిసిన తరువాత తూలుచు లేవ యత్నించు పశువును కఱ్ఱతో లేపవలదు, ఒంటరిగ విడువవలదు. బావి, చెరువు, కాలువ దరిని కట్టవలదు. బాగుగ నిలబడి, చుట్టు చూచి, మ్రింగగలుగుదాక నీరు గాని కుడితి గాని పెట్టరాదు. ముందు కొంచెము నీరు, పిదప కొంచెము గడ్డి. మూత్రము విస్తారముగ పోయుట ఈ మందు స్వభావమే, దానికి భయపడవలదు. కొమ్ము కోసినచోట తలయెముకలోని అర తెరుచుకొని యుండును గనుక కట్టు తడియకుండ, ఈగ వ్రాలకుండ, దుమ్ముపడకుండ కాపాడవలెను. కొట్టములో గడ్డిమోపులు తలపైనుండి దింపునప్పుడు ఆ ఎద్దును అవతలికి త్రోలుడు. పాలపశువునకు మందిచ్చినచో ఎన్ని పూటల పాలు పారవేయవలెనో డాక్టరుగారిని అడిగి, ఆ పాలను సంఘపు డెయిరీ క్యానులో పోయకుండుడు.

మొద్దు విడిచిన పిదప నొప్పి మొదలగును. దానికి తగ్గుమందు వేయించుట విలాసము కాదు. నొప్పిలేని పశువు మేత త్వరగ ముట్టును. అందులకు వైద్యులు సాధారణముగ మెలాక్సికాము వాడుదురు. డైక్లోఫినాకు మాత్రము పశువులకు వేయింపరాదు. ఆ మందు వేసిన పశువు చచ్చినప్పుడు దాని కళేబరమును తినిన రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచుండుటచేత 2006లో మన దేశమున పశువులకు దానిని నిషేధించిరి. 2023లో కీటోప్రొఫెను, ఏసిక్లోఫినాకు అను రెంటిని గూడ నిషేధించిరి. మా చిన్నతనమున ఊరి బయట చచ్చిన గొడ్డును పారవేసినచో జాముసేపటిలో ఆకాశము నల్లనయ్యెడిది. నేడు కుక్కలే.

చట్టము సంగతి క్లుప్తముగ. 1984 నాటి భారత పశువైద్యమండలి చట్టము ప్రకారము పశువైద్యము చేయుట పేరు నమోదైన వైద్యునిది; టీకాలు, విత్తులు నొక్కుట, పుండుకు కట్టుకట్టుట వంటి చిన్న పనులను ఇతర సిబ్బంది చేసినను ఆ వైద్యుని పర్యవేక్షణమునందే చేయవలెను. మగతమందు ఆ చిన్నపనుల పట్టికలోనిది కాదు. 1960 నాటి జంతుహింస నివారణచట్టము క్రింద 2023లో వెలువడిన నియమములు కొమ్ములు తీయుట, విత్తులు తీయుట వైద్యునిచేతను, మందిచ్చియు జరుగవలెనని చెప్పుచున్నవి. ఇక కోడెదూడలకును, జెర్సీ పెయ్యలకును కొమ్ములు వలదనుకొనువారు మొలక కదలుచున్నప్పుడే, అనగా రెండునెలలు నిండక ముందే, మందు వేయించి మొలకను కాల్పించినచో పెద్దయైన పిదప తలయెముక తెరువవలసిన పని యుండదు. ఎన్నో కోతలు ఇట్లు తప్పును.

పైని ముగ్గురిలో కొమ్ముపుండు ఎద్దునకు ఈ నెల మొదటివారములో కోత జరిగినది. ముందుదినము మేమే స్వయముగ పోయి తొట్టి బోర్లించి వచ్చితిమి. ఎద్దు తొమ్మిది గంటలకు వ్రాలి, పదకొండున్నరకు లేచి, సాయంకాలము గడ్డి ముట్టినది. కోసిన కొమ్మును పరీక్షకు పంపిరి, ఫలితము రాలేదు. చన్ను చీలిన గేదె నిలబడియే కుట్టించుకొనినది. మగత సూది అక్కరయే లేకపోయెను. కోడె సంగతి తమ్ముని పెండ్లి కాగానే చూతమని రైతు చెప్పెను.

బరువు కొలుచు టేపు రెండును, మెత్తని నూలుమోకు ఒకటియు, పొట్టు నింపిన పెద్ద గోనెసంచులు నాలుగును మన సంఘము కార్యాలయమున ఉంచబడినవి. కావలసిన సభ్యులు గుమాస్తాగారి పుస్తకములో వ్రాలు చేసి తీసికొనిపోవచ్చును. సంచులను తడిపి తేవలదు, పొట్టు బూజుపట్టుచున్నది.